చెక్కని పై వరస

ఆ మధ్యాహ్నం రాతిమేస్త్రి ఉలి దించింది చచ్చిపోయిన అన్న మీద కోపంతోనా, బతికున్న వదిన మీద జాలితోనా? ఇన్నేళ్లయినా తేలని సంగతి అది.

మేస్త్రి ముందు పేర్లు చెక్కి, పై వరస చివరికి ఉంచుకునేవాడు. మిగిలిన చోటును బట్టే పెద్దక్షరాల కొలత. సైనిక కుటుంబాల సంఘం ఆవరణలో నిలబెట్టిన ఆ రాయి మీద ముప్ఫై ఒక్క పేర్లు పూర్తయ్యాయి. అందరూ ఓడిపోయిన పక్షాన పోయిన సైనికులే. ఊళ్లకు ఊళ్లు తగలబెట్టిన సైన్యం అది. పదిహేడో పేరు మేస్త్రి అన్నది. మర్నాడే ఆవిష్కరణ.

గేటు బయట పొద్దుటినుంచీ దర్జీ ఆవిడ నిలబడి ఉంది. ఆ మంటల్లో తల్లిని పోగొట్టుకున్న మనిషి. అరవదు, కదలదు.

"ఆవిడ నిలబడితే నీ చెయ్యి పడిపోయిందా?" అన్నాడు సంఘం పెద్ద, రిటైరైన పోస్టుమాస్టరు. "అమరవీరులు. ఆరంటే ఆరక్షరాలు. సుద్దతో గీసి కూడా పెట్టాను."

"చనిపోయినవారు అని చెక్కుతాను. ఒక అక్షరం ఎక్కువే ఇస్తున్నాగా."

"మా ఇంట్లో పిల్లి కూడా చనిపోయిందయ్యా. దానికెవరైనా రాయి పెట్టారా?"

రాయి పక్కనే నిలబడ్డ వదిన నవ్వలేదు. "మీ అన్నకి ఆ మాట ఎందుకు తగదో చెప్పు."

మేస్త్రి గేటుకేసి చూసి గొంతు తగ్గించాడు. నలభై ఏళ్లు నోట్లో కుక్కుకున్న మాట అది. "సెలవుకొచ్చినప్పుడు నా షెడ్డుకొచ్చి చెప్పాడు వదినా. నిప్పు పెట్టేముందు ధాన్యం కొట్టుకి బయట గడియ పెట్టింది తనేనట. లోపల మనుషులున్నారని తెలుసట."

"నాకూ చెప్పాడు."

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలుసు కాబట్టే. నిద్రలో వేళ్లు గడియ వేస్తూనే ఉండేవి. ఆ పక్కన వారం పడుకున్నాను. పైన ఆ మాట ఉంటే ఇంకెవరూ నన్నేమీ అడగరు. నన్ను నేనూ అడగను."

పోస్టుమాస్టరు కళ్లద్దాలు తీసి తుడవసాగాడు. దర్జీ ఆవిడకు వినబడిందో ఏమో, గేటు చువ్వ పట్టుకుంది.

మేస్త్రి సుత్తి ఎత్తాడు. ఉలి మొన 'అ' మీద ఆనింది. ఎంతసేపు అలా ఉంచాడో. చివరికి ఉలి దించి, సుద్దగీతలు తడిగుడ్డతో తుడిచేశాడు.

"ఈ చేతితో కాదు వదినా."

"మరి ఎవరి చేతితో?"

మేస్త్రి పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. గేటు దగ్గర దర్జీ ఆవిడ పక్కకు తప్పుకుంది. వెనకనుంచి వదిన పిలుస్తూనే ఉంది. వెళ్లొస్తానన్న మాటైనా అనకుండా రోడ్డెక్కేశాడు.