బతికున్న మనిషి బొమ్మ

మా ఇళ్లల్లో ఒక్క మనిషి ముఖాన్ని పెద్దగా చేసి గోడకు తగిలించారంటే ఆ మనిషి లేడని అర్థం. పెళ్లి ఫొటో వేరు, అందులో ఇద్దరుంటారు. పిల్లల ఫొటోలు బీరువా అద్దానికి అంటించి ఉంటాయి. గోడ మీద ఒంటరిగా ఉండేవాళ్లు మా మామ, మా అత్త, చిన్నప్పుడే పోయిన నా తమ్ముడు. పండుగ వస్తే వాళ్లకు బొట్టు పెడతాం, దండ వేస్తాం, వాళ్ల ముందు దీపం పెడతాం. ఇబ్రహీంపట్నంలో మా వాడకట్టులో ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి. మా బిడ్డకు ఇది విడమరచి చెప్పాల్సిన రోజు వస్తుందని నేను అనుకోలేదు.

మా బిడ్డ బొమ్మలు వేస్తుంది. హైదరాబాదులో ఆ చదువే చదివి, మీర్‌పేట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. ఆ చలికాలం నగరంలోని గ్యాలరీలు కొన్ని కలిసి ఒక వారం పండుగలాగా పెట్టుకున్నాయి. ప్రతి సాయంత్రం ఒక్కో చోట కొత్త బొమ్మల ప్రదర్శన మొదలవుతుంది. వాటిలో బుధవారంది మా బిడ్డది. తన మొదటి ప్రదర్శన. అదే వారం శనివారం నగరంలోని పెద్ద దవాఖానలో మా ఆయనకు గుండె పరీక్ష. నరంలో అడ్డం కనపడితే అప్పుడే స్టెంట్ వేస్తామన్నారు. ఆయన చెరువులో చేపలు పట్టే మనిషి. కొన్ని నెలలుగా వల సగం లాగేసరికే రొమ్ము పట్టుకుని కూర్చుంటున్నాడు.

ఆయనను విడిచి వారం రోజులు వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఆయనే పంపాడు. "బిడ్డకు మనోళ్లు ఒక్కలన్న పక్కన ఉండాలె గదా. నువ్వు పో. శనివారం మా తమ్ముడు నన్ను తీస్కొస్తడు."

"నేను లేకుంటే టైముకు తింటవా?"

"నువ్వు లేకుంటే రెండు ముద్దలు ఎక్కువే తింట."

వెళ్లాను గాని నా ప్రాణం ఇంటి దగ్గరే ఉంది. ఫోన్ మోగితే భయమయ్యేది. మోగకపోతే ఇంకా భయమయ్యేది.

సోమవారం మా బిడ్డతో వెళ్లి చూసినవి కాలం చేసిన ఒక పెద్దాయన బొమ్మలు. గుమ్మం దగ్గరే ఆయన ఫొటో, దండ, దీపం. అది నాకు తెలిసిన పద్ధతే కాబట్టి దండం పెట్టుకుని ఒక పక్కన కూర్చున్నాను. మంగళవారం వెళ్లిన చోట హాలు మధ్యలో నేల మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. తల నుంచి కాళ్ల దాకా తెల్లబట్ట చుట్టి ఉంది. చుట్టూ జనం చేతుల్లో గ్లాసులు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. మా బిడ్డ చెయ్యి పట్టి ఆపాను.

"ఎవరు బిడ్డా? ఎప్పుడు పోయిండు?" అన్నాను.

"పోలే అమ్మా. ఆయన ఆర్టిస్టు. గట్ల పండుడే ఆయన చూపించే పని."

"గదేం పని?"

"మెల్లగ మాట్లాడు. జరసేపైతే లేస్తడు."

ఎవరో సమోసా ఇస్తే చేతిలోనే పట్టుకున్నాను. శవం ఉన్న చోట ఎట్లా తింటాం? ఆ మనిషి పొట్ట మీద బట్ట కదులుతోందా లేదా అని చూస్తూ నిల్చున్నాను. చివరికి ఆయన లేచి కూర్చుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆయన మంచినీళ్లు తాగేదాకా చూసి బయటికి వచ్చాను. మెట్ల మీద నిలబడి మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏం జేస్తున్నవ్?"

"పన్న."

"లేచి కూసో."

"ఎందుకే?"

"ఊకెనే. జరసేపు కూసో."

బుధవారం రానే వచ్చింది. తను ఏం బొమ్మలు వేసిందో మా బిడ్డ నాకు చెప్పలేదు. చూస్తే తెలుస్తుంది కదా అంటూ నవ్వేది. బంజారాహిల్స్‌లో పాత బంగళా ఆ గ్యాలరీ, లోపల గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. చెరువు బొమ్మలు, వలల బొమ్మలు, చేపలు అమ్మే మా ఆడవాళ్ల చేతులు. వాటిని చూసుకుంటూ లోపలి గదిలోకి వెళ్లాను. ఎదురుగా గోడకు మా ఆయన ఉన్నాడు.

ఆయన ఒక్కడే. గజం ఎత్తున ముఖం, భుజాలు. చుట్టూ నల్లరంగు. పైనుంచి ఒక బల్బు ఆయన నుదుటి మీదికి వెలుగు వేస్తోంది. ముందు ఇత్తడి దీపపు కుంది పెట్టారు. అందరూ చుట్టూ నిలబడగా, ప్రదర్శన ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనిషి కొవ్వొత్తితో వత్తులు వెలిగించాడు.

ఆ దీపాన్ని పక్కకు జరపమని గ్యాలరీ నడిపే మేడంని అడిగాను. బొమ్మకు పొగ పడుతుందని భయపడుతున్నాననుకుంది ఆమె. "ఏం కాదులేమ్మా, దూరంగానే పెట్టించాం," అంది.

జనం కాస్త పలచబడ్డాక మా బిడ్డను వెనక వరండాలోకి పిలిచాను.

"బాపును గోడకెక్కించినవా?"

"ఏమైందమ్మా? మంచిగ రాలేదా?"

"అచ్చం ఆయనే ఉన్నడు. గందుకే భయమైతుంది. తీసెయ్."

తనకు అప్పుడు అర్థమయ్యింది. ముఖం చిన్నబుచ్చుకుంది. "బాపు బతికున్నడనే గద ఏసిన. పోయినంకైతే ఎవరన్న ఏస్తరు."

"నోటితోని గట్ల అనకు. శనివారం దాకన్న తీసెయ్. మల్ల పెట్టుకో."

"ఎట్ల తీస్త? అందరు ఆ బొమ్మ చూసెటందుకే వస్తున్నరు. సంఘంల కూసొని అక్షరాలు నేర్చుకున్నవ్, పేపర్ చదువుతున్నవ్. ఇంక గదే పట్టుకొని ఉంటవా?"

"అక్షరాలొస్తె భయం పోతదని నీకెవరు చెప్పిండ్రు?"

తను లోపలికి వెళ్లిపోయింది. బొమ్మ గోడ మీదే ఉంది.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా మహిళా సంఘంలో ఒక టీచరమ్మ సాయంత్రాలు నేర్పింది. చదవడం వచ్చాక బస్సు బోర్డు కోసం ఇంకొకరిని అడిగే బాధ తప్పింది. కానీ దవాఖాన గోడల మీద రాసినవన్నీ కూడా చదవగలుగుతున్నాను. గుండె జబ్బు గుర్తులు ఏమిటో, ఎప్పుడు ఆలస్యమవుతుందో అన్నీ అక్కడ రాసి ఉంటాయి. చదవడం రాకముందు భయానికి ఒక హద్దు ఉండేది.

గురువారం పొద్దున నేను మా బిడ్డతోపాటే వెళ్లి ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తన స్నేహితులు పూలగుత్తులు తెచ్చి తెచ్చి మా ఆయన బొమ్మ కిందే పెడుతున్నారు. వాళ్లు అటు తిరగగానే నేను వాటిని తీసి చేపల బొమ్మ కింద పెట్టేదాన్ని. అక్కడి కాపలా మనిషి కాసేపు చూసి అడిగాడు.

"ఏంది పెద్దమ్మ, పూలను ఊకె తిప్పుతున్నవ్?"

"నాకు ఆ వాసన పడదు."

"చేపల కాడ పెడితే వాసన పోతదా?" అని నవ్వాడు. అయినా ఆ తరువాత వచ్చిన గుత్తిని తనే అటు తీసుకుపోయి పెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తినడానికి వెళ్లి వచ్చాను. ప్రతి బొమ్మ పక్కన గోడకు చిన్న అట్ట ఉంటుంది. మా ఆయన బొమ్మ పక్కన అట్ట మీద 'బాపు' అని ఉంది. ఆ పేరు పక్కన ఎవరో ఎర్రగా, గుండ్రంగా బొట్టు పెట్టారు. దగ్గరికి వెళ్లి చూశాను. ఆడవాళ్లు నుదుటికి అంటించుకునే బొట్టు లాంటిదే. దీపం అయింది, పూలు అయినాయి, ఇప్పుడు బొట్టు. మర్నాడే పరీక్ష. ఇటూ అటూ చూసి గోటితో గీకి తీసేశాను. నలిపి కొంగున ముడి వేసుకున్నాను.

సాయంత్రం ముందు గదిలో మాటలు పెద్దవైనాయి. సంగతి నాకు తరువాతే తెలిసింది. బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి ఒకాయనకు 'బాపు' బొమ్మ ఇంకా ఉందని, తీసుకోవచ్చని చెప్పింది. ఆయన సరే అంటుండగానే ఒక భార్యాభర్త వచ్చి, పొద్దున దాన్ని కొన్నది తామని అన్నారు. గ్యాలరీ మేడం గబగబా లోపలికి వచ్చి అట్ట చూసింది.

"ఇక్కడ ఎర్ర చుక్క పెట్టాను. ఎవరు తీశారు?"

"నేనే తీసిన," అన్నాను. "బతికున్న మనిషికి బొట్టు పెడ్తరా?"

మా బిడ్డ నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది. "అమ్మా, అది బొట్టు కాదు. బొమ్మ అమ్ముడువోయిందని గుర్తు."

"అమ్మినవా? బాపునా?"

కొంటానన్న ఇంకొకాయన నా ముఖం చూసి, వాళ్లనే తీసుకోమని చెప్పి వెళ్లిపోయాడు. కొన్న ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. మెత్తని మనిషి. కొత్తగా ఇల్లు కట్టుకున్నారట.

"మా హాల్లో పెడతామమ్మా, తలుపు తెరవగానే కనిపించేటట్టు. పైన ఇట్లాగే ఒక లైటు పెట్టిస్తాం," అంది. నేను సంతోషపడతాననే ఆ మాట చెప్పింది.

"ఆయన బతికే ఉన్నడు తల్లీ. రేపు గుండె పరీక్ష. దండ గిట్ల ఏయకుండ్రి."

"అయ్యో, వేయమమ్మా."

ఆమె వేయదు, నమ్మాను. కానీ ఆమె ఇంట్లో పని చేసేవాళ్లు, వచ్చే చుట్టాలు? పండుగనాడు ఎవరో ఒకరు, ఇంటి పెద్దాయన కాబోలు అని ఒక మూర పూలు వేస్తే? వాళ్లకు ఎవరు చెబుతారు? ఆలోచించి అడిగాను. "బొమ్మ ఎనక రెండు మాటలు రాయనిస్తవా?"

ఆమె మా బిడ్డ వైపు చూసింది. "రాయనీ," అంది మా బిడ్డ. అప్పుడే పెన్ను తెచ్చి ఇచ్చారు. నేను తీసుకోలేదు. ఆ మాటలు రాశాక మర్నాడు అటూ ఇటూ అయితే? ప్రదర్శన అయిపోయి ఆదివారం బొమ్మ తీసుకుపోయే ముందు రాస్తానన్నాను.

శనివారం మా మరిది ఆయనను ఆటోలో తెచ్చాడు. మా బిడ్డ ఫోన్లో అంతా చెప్పేసినట్టుంది.

"నా బొమ్మ అమ్మిండ్రంట గద," అన్నాడు స్ట్రెచర్ మీద పడుకుని. "నన్ను గూడ దాంతోనే తీస్కపొమ్మనకపోయినవా? నీకు వండే బాధ తప్పుతుండె."

"నోరు మూసుకో," అన్నాను. వాళ్లు ఆయనను లోపలికి తోసుకుపోయారు.

పచ్చ దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది. మంగళవారం చూసిన మనిషిలాగే ఆయన పొట్ట మీద బట్ట కదులుతోందా అని చూశాను. తలుపు మూసుకుంది. తెరుచుకునే దాకా నేనూ మా బిడ్డా ఆ తలుపు ఎదురుగానే కూర్చున్నాం. ఇద్దరం ఆ బొమ్మ గురించే అనుకుంటున్నామని తెలుసు. డాక్టర్ బయటికి వచ్చి రెండు చోట్ల అడ్డాలున్నాయని, స్టెంట్లు వేశామని చెప్పాడు. ఒక రోజు గడిస్తే గాని ఏమీ చెప్పలేనన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆయనను వార్డుకు మార్చారు. మా మరిదిని దగ్గర ఉంచి, మేమిద్దరం గ్యాలరీకి వెళ్లాం. బొమ్మను గోడ నుంచి దించి, వెనక భాగం మా వైపు తిప్పి పెట్టారు. కొన్నవాళ్లు వచ్చి ఎదురుచూస్తున్నారు. మార్కర్ నా చేతికిచ్చారు.

"ముందు బాబాయికి ఫోన్ చెయ్," అన్నాను మా బిడ్డతో.

మా మరిది ఎత్తాడు. "పండుకున్నడు వదినా," అన్నాడు.

"లేపు."

కాసేపటికి ఆయన గొంతు వినిపించింది. నీరసంగా ఉంది. "ఇంక ఉన్ననే. రాస్కో."

నా చేతిరాత ఇప్పటికీ పెద్దగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. మెల్లగా రాశాను. 'ఈయన బతికే ఉన్నాడు. దండ వేయవద్దు.' ఎవరూ తొందరపెట్టలేదు.

"కింద తారీకు గూడ ఎయ్యమ్మా," అంది మా బిడ్డ. "బొమ్మల మీద అందరం ఏస్తం."

"వద్దు."

"ఎందుకు?"

"తారీకు ఏస్తే ఆ ఒక్క దినం సంగతే అయితది."

తను మార్కర్ తీసుకుని మూత పెట్టింది. కొన్నవాళ్లు బొమ్మకు దుప్పటి చుట్టి కారులో పడుకోబెట్టబోయారు. పడుకోబెట్టొద్దని చెప్పాను. వాళ్లేమీ అడగకుండా వెనక సీట్లో ఏటవాలుగా నిలబెట్టారు.

కారు వెళ్లిపోయాక దవాఖానకు ఆటో మాట్లాడుకున్నాం. రోడ్డు మలుపు తిరిగేసరికి మళ్లీ ఫోన్ చేయమన్నాను.