మైకు తాత కేక

నిరుడు మా చెల్లెను కాన్పుకోసం కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ రాగానే మంచిర్యాల బస్టాండుకు పరుగెత్తాను.

నా చిన్నప్పటి నుంచి అక్కడ మైకులో బస్సుల సంగతి చెప్పింది, మేమంతా మైకు తాత అని పిలిచే పెద్దాయనే. బస్సు కదిలే ముందు ఆయన కేక వినబడేది: "కరీంనగర్ పోయేటోళ్లు చాయ్ గ్లాసులు పెట్టి జల్ది ఎక్కుండ్రి! మల్ల నన్ను తిట్టద్దు!" ఆ కేకకే అందరం లేచేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్ చెబుతోంది, తడబాటు లేని ఆడగొంతుతో.

ఆ రోజూ చెప్పింది. విన్నాను కానీ లేవలేదు. కేక ఇంకా రాలేదుగా అని అలవాటుగా కూర్చున్నాను. కళ్లముందే బస్సు గేటు దాటింది. "ఆపుండ్రి!" అని అరుస్తూ సంచితో ఉరికాను. ఆగలేదు. అందరి ముందే ఏడ్చేశాను.

వెనక బెంచీ మీద మైకు తాత కనిపించాడు.

"ఊకో బిడ్డా, ఇంకోటి వస్తది."

"నువ్వెటు పోతున్నవ్ తాతా?"

"నేను గూడ గా బస్సుకే వచ్చిన," అన్నాడు సిగ్గుపడుతూ. "ఎవలన్న పిలుస్తరని కూసున్న."

నేను చేరేసరికి చెల్లెకు పాప పుట్టింది.

ఇప్పుడు కంప్యూటర్ చెప్పగానే ఎక్కి కూర్చుంటున్నాను. బస్సు కదిలేదాకా చెవి మాత్రం కిటికీ బయటే ఉంటుంది.