తలుపు తెరిస్తే పడిపోయే వేడి

2007 వేసవి. మొయినాబాద్‌లో మెహిదీపట్నం బస్సులు ఆగే చోట నాకొక చిన్న కంప్యూటర్ దుకాణం ఉండేది. నేను చదివింది ఇంటర్ వరకే. లెక్కల మీద ఇష్టంతో ప్రోగ్రామింగ్ పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. లైనక్స్ కెర్నెల్‌ను, అంటే కంప్యూటర్‌లోని భాగాలన్నిటినీ నడిపే మూల ప్రోగ్రామ్‌ను, దాని సోర్స్ చదివి తెలుసుకున్నాను. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ప్రాజెక్టుల కోసం వచ్చేవారు. కోళ్ల ఫారాలవాళ్లు యంత్రం మొరాయిస్తే పిలిచేవారు.

కనకమామిడి దారిలో హ్యాచరీ నడిపే విఠల్ సేటు ఏప్రిల్‌లో ఒకరోజు కబురు పెడితే వెళ్లాను. హ్యాచరీలో గుడ్లు పొదిగే గదిని సెట్టర్ అంటారు. గుడ్లు పద్దెనిమిది రోజులు అందులోనే ఉంటాయి. లోపల వేడి 99.5 ఫారెన్‌హీట్ దగ్గర నిలబడాలి. రెండు మూడు డిగ్రీలు ఎక్కువై అలాగే ఉంటే పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుంది. సేటు కొత్త సెట్టర్‌ను కంప్యూటర్‌కు కలిపించాడు. అది సెన్సర్లు చెప్పిన వేడికి సగటు తీసి హీటర్‌ను నడుపుతుంది. కలిపించిన తర్వాత వరుసగా రెండు బ్యాచుల్లో సగం గుడ్లు పిల్లలు కాలేదు.

"మిషన్ చూడనీకె పిలవలేదన్నా," అన్నాడు సేటు. "దొంగ దొరికింది. తలుపుకు ఏదన్న లాక్ పెట్టు. నాకు తప్ప ఎవ్వరికి తెరుచుకోవద్దు."

దొంగ అని ఆయన అన్నది బాలమణిని. ఏళ్ల తరబడి అక్కడ గుడ్లు చూసుకునే మనిషి. రోజూ కొన్నిసార్లు సెట్టర్ తలుపు తెరిచి, ఒక గుడ్డు తీసి, మూసిన కంటిరెప్పకు ఆనించుకుని వేడి చూసేది. కిరోసిన్ దీపంతో పొదిగించే పెట్టెల కాలం నుంచి వచ్చిన పద్ధతి అది. ఆమె తెరిచినప్పుడు చాలాసార్లు కంప్యూటర్ తెర మీద వేడి అరవై దరిదాపులకు పడిపోయేది. వెంటనే హీటర్ పూర్తి బలంతో అందుకునేది. వారం రోజులు తలుపు ముట్టవద్దంటే ఒక్కసారి కూడా పడలేదు. సేటుకు ఆ రుజువు చాలింది. పిల్లల్ని చంపింది నువ్వేనని పనివాళ్లందరి ముందు అని, నెలాఖరుకు పని మానెయ్యమన్నాడు. ఆ పేరు పడ్డాక చుట్టుపక్కల ఏ హ్యాచరీ ఆమెను రానివ్వదు.

"తలుపు ఎంతసేపు తెరుస్తవక్కా?" అని బాలమణిని అడిగాను.

"ఎంతసేపేందన్నా! తీసి, కంటికి పెట్టి, మల్ల పెడ్త. చాయ్ ఊదుకునేంత సేపు గూడ గాదు. నా చేతులేమన్న ఐసు ముక్కలా, మిషన్ సల్లారిపోనీకె?"

"నోరు జూడు నోరు," అన్నాడు సేటు.

నేను అంకెలు చూశాను. చివరిసారి పడిపోయినప్పుడు తెర మీద నమోదైన వేడి 61. సెట్టర్ బయట హాలు గోడకున్న థర్మామీటర్ 88 చూపిస్తోంది. ఎనభై ఎనిమిది డిగ్రీల గాలి లోపలికి పోతే వేడి అరవై ఒకటికి దిగడం కుదరదు.

"సేటూ, హాల్ల గాలికంటె తక్కువకు లోపలి వేడి ఎట్ల పోతది?"

"మరి వారం దినాలు ముట్టకపోతే ఎట్ల పడలేదు? అది చెప్పు."

ఆ ప్రశ్న న్యాయమైనదే. తలుపు నేనే తెరిచి, మూసి చూస్తూ కూర్చున్నాను. నాలుగోసారికి వేడి 60కి పడింది. తెర మీద పక్కనే గాలిలో తేమ శాతం ఉంది. అదీ 60. పాత నమోదులు తీసి చూస్తే, పడిన ప్రతి వేడీ ఆ క్షణపు తేమ అంకెతో సమానం.

కారణం డ్రైవర్‌లో ఉంది. డ్రైవర్ అంటే ఒక పరికరం కోసం కెర్నెల్ లోపల పనిచేసే చిన్న ప్రోగ్రామ్. తలుపుకు ఒక స్విచ్ ఉంది. తలుపు కదిలితే ప్రాసెసర్‌కు ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపమనే సంకేతం, వెళ్తుంది. స్విచ్ వదులుది కాబట్టి ఒక్కసారి తెరిస్తే చిటపటమని ఎన్నో సంకేతాలు. ప్రతిసారీ డ్రైవర్ తేమ శాతాన్ని దశాంశాలతో లెక్కగట్టేది. అటువంటి లెక్కలకు ప్రాసెసర్‌లో ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లనే కొద్దిపాటి గూళ్లు ఉంటాయి. ఒక ప్రోగ్రామ్ ఆపి ఇంకొకటి నడిపేటప్పుడు కెర్నెల్ ఆ గూళ్లలోని అంకెలను దాచి, తర్వాత తిరిగి పెడుతుంది. ఇంటరప్ట్‌కు మాత్రం ఆ శ్రమ తీసుకోదు. అందుకే కెర్నెల్‌లో దశాంశాల లెక్క చెయ్యకూడదని నియమం. డ్రైవర్ రాసినవాళ్లు ఆ నియమాన్ని కాపాడే అడ్డును తీసేసి మరీ చేశారు. రోట్లో సగం నూరిన పచ్చడి ఉండగా ఇంకొకరొచ్చి తమ కారం నూరుకుని పోయినట్టు, వేడి సగటు ఉన్న గూట్లో తేమ మిగిలిపోయేది. అరవై ఒక్క శాతం కాస్తా అరవై ఒక్క డిగ్రీలయ్యేది. చలి లేకపోయినా హీటర్ రాజుకుని, ఆ తప్పుడు సగటు సర్దుకునేదాకా లోపల వేడి పెరిగిపోయేది.

హీటర్‌ను కాసేపు చేత్తో నడిపే పద్ధతికి మార్చి, తలుపు గట్టిగా మూసి, స్విచ్‌ను తీగ తెగకుండా ఊడదీసి సేటు చేతికిచ్చాను.

"నొక్కుండ్రి."

కొన్నిసార్లు నొక్కేసరికి తెర మీద 61.

"తలుపు తెరవనే లేదు గదన్నా!" అన్నాడు.

సెట్టర్‌ను కంప్యూటర్‌కు కలిపే కార్డుతో వచ్చిన సీడీలో డ్రైవర్ సోర్స్ ఉంది. లెక్కకు ముందు గూళ్లను భద్రపరిచే ఆదేశం, తర్వాత తిరిగి పెట్టే ఆదేశం చేర్చాను. సేటు బొటనవేలు నొప్పి పుట్టేదాకా నొక్కాడు. వేడి కదల్లేదు. దాంతో కారణం రుజువైంది. శాశ్వతంగా ఉండేందుకు మరుసటి రోజు తేమను వందో వంతుల్లో, పూర్ణాంకాలతోనే లెక్కించేలా మార్చాను. డ్రైవర్‌కు ఇక ఆ గూళ్లతో పనే లేదు.

"సరే అన్నా, ఆమెను ఉండమని చెప్పు," అన్నాడు సేటు.

"నేను చెప్తే ఎట్ల? అందరి ముందట అన్నది మీరు."

ఆయన ట్రేలు కడుగుతున్నవాళ్లను పిలిచాడు. "తప్పు మిషన్‌ది. బాలమణిది గాదు."

బాలమణి చేతులు కొంగుకు తుడుచుకుంది. "మిషన్ నన్నేమన్నది సేటూ? అరవై ఒకటి అన్నది, గంతే. నా పేరు చెప్పింది మీరు."

"ఔ, నేనే అన్న," అన్నాడు సేటు. "తప్పయింది."

ఫలానా మనిషి ముట్టుకుంటేనే చెడిపోతుందని ఎవరైనా అంటే నేను ఆ మాటను కొట్టిపారెయ్యను. అది నిజమే కావచ్చు. ఆ మనిషితో పాటు ఇంకా ఏమేం కదులుతున్నాయో చూస్తాను. సెట్టర్‌లో చెదిరిన అంకెను తిరిగి దాని చోట పెట్టడానికి రెండు ఆదేశాలు సరిపోయాయి. మనిషి పేరుకు అటువంటి ఆదేశం లేదు. అన్నవాళ్లే, అన్న చోటే, విన్నవాళ్ల ముందే మళ్లీ చెప్పాలి.