మూడు దినాలని చెప్పింది ఎవరు

నా మనవరాలు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కరువు కాలాల్లో మా పక్క ఆడవాళ్లు ఏం వండి పిల్లల్ని బతికించుకున్నారన్నది దాని విషయం. నిరుడు రాసిన మొదటి భాగాన్ని వాళ్ల సారు వెనక్కి ఇచ్చేశాడు. ఎవరిదో పుస్తకంలోంచి రెండు పుటలు ఎత్తి, ఆ పుస్తకం పేరు చెప్పకుండా తన రాతలా పెట్టిందట. ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చుంటే నేను ఓదార్చలేదు.

"ఇంగొకరి చేన్లో శెనక్కాయ పెరుక్కొచ్చి మా చేనిదే అంటే నలుగురూ మొగాన ఊంచరా?" అన్నాను. "ఎవురిదో వాళ్ల పేరు రాస్తే నీ సొమ్మేం పోతాది?"

ఆ మాట దానికి బాగా తగిలింది. అప్పటినుంచి ఎవరు ఏం చెప్పినా వాళ్ల పేరు, ఊరు, ఏ రోజు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు, అన్నీ రాసుకోవడం మొదలుపెట్టింది. కణేకల్ దాకా బస్సులో పోయి ముసలివాళ్లతో మాట్లాడి వచ్చింది. చివరికి నా ముందు కూర్చుంది.

నేను చింతపిక్కల సంగతి చెప్పాను. మా ఇంట్లో అందరికీ తెలిసిందే. వానల్లేక జొన్నలు అయిపోయిన ఏడు, నా కొడుకు, అంటే దాని నాయన, రెండేళ్లవాడు. పిక్కలు వేయించి, తోలు కొట్టి, నానబెట్టి, రుబ్బి, ఉన్న పిడికెడు జొన్నపిండిలో కలిపి సంగటి చేశాను. వాడు దాంతోనే బతికాడు. చుట్టాలు వచ్చినప్పుడల్లా నా కోడలు ఈ కథ చెబుతుంది. నేను వద్దనను.

"ఎన్ని దినాలు నానబెట్టల్ల జేజీ?"

"మూడు. పొద్దూ మాపూ నీళ్లు మార్చల్ల. తక్కువైతే కడుపు బిగుస్తాది."

"మూడని నీకెవరు చెప్పినారు?"

"ఎవురు చెప్పల్ల? చేసినాను, తెల్సింది."

అది రాసుకుంది.

వారం తర్వాత టైపు చేసిన కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంది. సోమవారం ఇచ్చేయాలట. ఒకవైపే అచ్చు వేసి తెచ్చింది, ఇంత కాగితం దండగ చేస్తావా అని ముందు తిట్టాను. నేను చదివింది మూడో తరగతి దాకానే, కానీ చదవకుండా దేని మీదా సంతకం పెట్టను. వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదువుతూ పోయాను. మూడు దినాలు అన్నచోట చిన్న అంకె ఉంది. పుట అడుగున అదే అంకె వేసి నా పేరు, వయసు, ఊరు రాసి, చివర 'స్వానుభవం' అని పెట్టింది.

"ఇదేంది?"

"నువ్వు సొంతంగా చేసి నేర్చుకున్నావని. ఎవరన్నా అడిగితే నీ పేరు చూపిస్తాం."

నేను పెన్ను కింద పెట్టాను. "అది నాది కాదు."

"తమాషాలొద్దు జేజీ, బస్సుకు టైమైతాంది."

అప్పుడు చెప్పాను. ఆ కరువులో మా పక్కింట్లో ఒకామె ఉండేది, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఆమె పిక్కలు ఒక్క రోజు నానబెట్టి తన కూతురికి పెట్టింది. మూడేళ్ల పిల్ల. కడుపు బిగిసి రెండు రోజులు అరిచి చచ్చిపోయింది. పిల్లను పూడ్చిన మరుసటి రోజు ఆమె మా గోడ దగ్గరికి వచ్చింది. మా వాకిట్లో కుండలో పిక్కలు నానుతున్నాయి. "నేను ఒక దినమే నానేసినా. అది చాల్దు. నువ్వు మూడు దినాలు పెట్టు" అని చెప్పి పోయింది.

ఆమె పేరు చెబితే ఆ పిల్ల సంగతీ చెప్పాలి, అందుకని మొదట్లో చెప్పలేదు. తర్వాత అందరూ మెచ్చుకుంటుంటే బాగుండి చెప్పలేదు. కొన్నేళ్లకు నేనే కనిపెట్టినట్టు నాకే అనిపించేది.

మనవరాలు కాగితాలు నా ముందు నుంచి తీసుకుంది. "నన్ను మాత్రం శెనక్కాయ దొంగ అంటివే" అంది. తర్వాత, "ఈ పుట తీసేస్తే నా అధ్యాయమే నిలబడదు. ఆ యమ్మ ఉండాదా?"

"ఉండాది. ఇప్పుడు ఎగువ వీధిలో."

మేం పోయేసరికి ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. మనవరాలు అంతా చెప్పింది. ఆమె నా వైపు చూడలేదు.

"మీ జేజి చెప్పుకుంటాదని నాకు తెల్సులే పాపా. దాని పిల్లోడు బతికినాడు, చెప్పుకునింది. నా బిడ్డ పాయె. నేనేమని చెప్పుకునేది?"

"తప్పయింది అక్కా" అన్నాను.

"ఇప్పుడా తెల్సింది?"

మనవరాలు నోటుపుస్తకం మూసింది. "నీ పేరు రాయొద్దంటే రాయనులే అవ్వా. ఆ పుటే తీసేస్తా."

ఆమె ఇంకో రెండు రాళ్లు ఏరి పడేసింది. "తీసేస్తే ఎట్ల? మళ్లా కరువు రాదా ఏంది? ఎవురన్నా ఒక దినమే నానేస్తే?" చేట పక్కన పెట్టింది. "రాయి. ఒక దినం నానేసింది నేనని రాయి. బిడ్డ పోయిందని రాయి. మూడని మీ జేజికి చెప్పింది నేనని రాయి."

అది అక్కడే కూర్చుని రాసి పైకి చదివింది. మూడేళ్ల పిల్ల అన్నచోట ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మూడని ఎవురు చెప్పినారు?"

"మా జేజి."

"రెండున్నర. మూడు నిండలేదు."

మనవరాలు కొట్టేసి మళ్లీ రాసింది. ఆమె వేలిముద్ర వేసి, ఇంకును చీర కొంగుకు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు పోమ్మే. పాప కూచోనీ. చెప్పల్సింది ఇంగా ఉండాది."

నేను లేచి, చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చాను. లోపల మనవరాలు ఆ పిల్ల పేరేమిటని అడుగుతోంది. ఏళ్ల తరబడి నేను చెప్పుకున్న కథలో ఆ పేరు ఎన్నడూ లేదు. ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాలేదు.