మేనమామ ఒట్టి చేతులతో వచ్చిన రోజు

మొన్న చేనేత దుకాణంలో ఒక కుర్రవాడు కొత్త చీర మడత విప్పి నా ముందు పరిచాడు. గంజి వాసన గుప్పుమంది. ఎమ్మిగనూరులో మగ్గాలున్న ఇంట పుట్టినదాన్ని, ఆ వాసన నాకు కొత్తేమీ కాదు. అయినా మా ఇల్లు గుర్తుకు రాలేదు, మా అమ్మ గుర్తుకు రాలేదు. సుబ్బరత్నమ్మగారు గుర్తుకొచ్చారు. నడుస్తుంటే చీర ఫెళఫెళలాడేంత గంజి పెట్టించేవారు ఆవిడ. "మనిషిని ఎట్లాగూ పొట్టిదాన్ని, చీరన్నా నిలబడనీ" అని తన మీద తనే నవ్వుకునేవారు. ఆ చీర నాకు అవసరం లేదు. అయినా కొన్నాను.

యాభైల చివరి మాట ఇది. ఆదోనిలో ప్రభుత్వం నడిపే చిన్న ఆశ్రయ గృహానికి ఆవిడ అధికారిణి, నేను సహాయకురాలిని. ఆడపిల్లల్ని అమ్ముకొని బతికేవాళ్లను పట్టుకోవడానికి ఢిల్లీలో కొత్త చట్టం చేశారు. చట్టమైతే వచ్చింది గానీ, దాన్ని అమలు చెయ్యడానికి మా దగ్గర ఉన్నదేమిటి? అద్దెకు తీసుకున్న మట్టిమిద్దె, చాపల కట్ట, ఒక లావుపాటి రిజిస్టరు, మేమిద్దరం. వానలు మొహం చాటేసిన ఏడాది ఆలూరు వైపు పల్లెల్లోకి తెల్ల పంచెలవాళ్లు దిగేవారు. బొంబాయి మిల్లులో పని అనేవారు, మంచి సంబంధం అనేవారు. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లవాళ్లు నమ్మేవారు. ఆ పిల్లల్లో ఎవరైనా మా ఆదోని స్టేషన్‌లో పోలీసుల కంటపడితే మా దగ్గరికి చేరేవారు.

నేను చట్టం పుస్తకం బట్టీపట్టి మరీ ఉద్యోగంలో చేరాను. మొదటి రోజే నా పాండిత్యం చూపించబోతే ఆవిడ ఆ పుస్తకం పక్కకు నెట్టి, బొరుగుల ఉగ్గాని పళ్లెం నా ముందు పెట్టారు. "సెక్షన్లు యాడికీ పారిపోవులే సరోజా, ముందు తిను. పిల్లలొచ్చినా ఇదే వరస. ముందు కూడు, తర్వాత తలంటు, ఆ తర్వాత నిద్ర. నీ ప్రశ్నలు మూడో దినం." మిరపకాయ బజ్జీ కొరికి నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, "అయ్యో, ఎమ్మిగనూరోళ్లకు ఇంత కారమే పట్టకపోతే ఎట్లమ్మే?" అని పగలబడి నవ్వారు. ఆ నవ్వుకే నేను ఆవిడకు సగం లొంగిపోయాను.

నాగమ్మను రైల్లోంచి దింపి తెచ్చినప్పుడు దానికి పదిహేనేళ్లు. తల్లి లేదు. తండ్రి కూలి వెతుక్కుంటూ ఎటో పోయాడు. ఒక చిన్న తమ్ముడున్నాడని మాత్రం పోలీసులు చెప్పారు. వారం రోజులు అది పెదవి విప్పలేదు. సుబ్బరత్నమ్మగారు రోజూ దాన్ని ముందు కూర్చోబెట్టుకొని జడ వేస్తూ, తన చిన్ననాటి కోతి చేష్టలన్నీ చెప్పేవారు. ఎనిమిదో రోజు నాగమ్మ నవ్వింది. ఆవిడ దువ్వెన పక్కన పెట్టి ఏడ్చారు. నాకు విచిత్రంగా అనిపించింది.

ఆ మరుసటి వారమే ఆవిడ సమావేశానికి కర్నూలు వెళ్లారు. రెండో రోజు పొద్దున మా గుమ్మంలోకి ఒక మనిషి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో ఊరి మునసబు సంతకం ఉన్న కాగితం. "నాగమ్మ మేనమామనమ్మా. నా సెల్లెలు సచ్చిపోతా బిడ్డను నా సేతిలో పెట్టింది" అని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. మా వైపు మేనమామ అంటే తల్లి తర్వాత తల్లి. పిల్లకు చెవులు కుట్టించేది ఆయన ఒడిలోనే. పెళ్లిలో ఆయన రాకుంటే బాజాలు మోగవు. అలాంటి మనిషి కళ్లనీళ్లు పెట్టుకుంటే నా మనసు నీరైపోయింది. నాగమ్మను పిలిచి, "ఈయన మీ మామేనా?" అని అడిగాను. తల ఊపింది. "పోతావా?" మళ్లీ ఊపింది. తల వంచుకుంటే సిగ్గనుకున్నాను. బంధువులకు అప్పగించేటప్పుడు సుబ్బరత్నమ్మగారి సంతకం ఉండాలి. ఆవిడ లేనప్పుడు అధికారం నాదే కదా అనుకొని, రిజిస్టరులో నేనే దర్జాగా సంతకం చేశాను. దాని జడలో కనకాంబరాలు పెట్టి మరీ పంపాను. ఒక పిల్లను ఇల్లు చేర్చానని ఎంత మురిసిపోయానో!

మధ్యాహ్నం బస్సుకు ఆవిడ దిగారు. గడపలోనే, "నాగమ్మ యాడమ్మే?" అన్నారు. నేను గొప్పగా చెప్పాను. ఆవిడ గొడుగు మూయలేదు.

"పాపకేం తెచ్చినాడు?"

"ఏమీ తేలేదమ్మా."

"రవికె గుడ్డ? గాజులు? పోనీ, పిడికెడు బొరుగులు?"

"లేదమ్మా."

"తల్లి లేని బిడ్డను సూడొచ్చిన మేనమామ ఒట్టి సేతులతో వస్తాడా? ఏ ఊరి మేనమామ వాడు?"

ఆవిడ అప్పటికే వీధిలో జట్కాను పిలుస్తున్నారు. "స్టేషన్‌కు పోనీ అన్నా, బిరీన!" జట్కాలో నేను ఏడుస్తూ, "నేను అడిగినానమ్మా, అది తల ఊపింది" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "అడిగితివి, సరే. ఎవురి ముందర అడిగితివి?" అన్నారు. అంత కోపంలోనూ, జట్కా కుదుపులకు నేను పడిపోకుండా నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నారు.

బొంబాయి బండి ఆ రోజు ఆలస్యం. మా తెలివేమీ లేదు, బండి ఆలస్యం, అంతే. ప్లాట్‌ఫారం చివర వాడు, వాడి పక్కన నాగమ్మ. నేను అరవబోతే ఆవిడ నా భుజం నొక్కారు. అరిస్తే జనం పోగవుతారు, మేనమామనంటే జనం వాడి పక్షమే. ఆవిడ నవ్వుకుంటూ పోయి, "అప్పా, దూరం పోయే పిల్ల. బండెక్కినాక ఇబ్బంది పడతాది. ఒక్క నిమిషం ఆ గదిలోకి తీసకపోయి వస్తా" అన్నారు. ఆడవాళ్ల అవసరం అంటే ఏ మగవాడు అడ్డు చెప్తాడు? వాడు నన్ను గుర్తుపట్టకుండా నేను వెనక తలుపు గుండా ఆడవాళ్ల గదిలోకి చేరాను. వాళ్లిద్దరూ రాగానే ఆవిడ గడియ పెట్టారు.

పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి తను నేల మీద కూర్చున్నారు. "ఈడ నేనుండాను, ఈ పిచ్చి సరోజ ఉండాది. ఇంకెవురూ లేరు. వాడెవురు తల్లీ?" బయట బండి గంట కొట్టారు. నాకు ప్రాణాలు పోతున్నాయి. ఆవిడ మాత్రం ఊళ్లో పనేమీ లేనట్టు దాని పాదాలు నిమురుతూ కూర్చున్నారు.

"మా మామ సచ్చి శానా దినాలాయ" అంది నాగమ్మ చివరికి. "నన్ను ముందు రైలెక్కించింది వీడే. మా తమ్మున్ని దాసిపెట్టినాడు. నోరు తెరిస్తే వాన్ని సంపుతానన్యాడు."

నేను దొడ్డిదారిన పరుగెత్తి స్టేషన్ పోలీసులను పిలుచుకొచ్చాను. గేటు దాటుతుండగా వాణ్ణి పట్టుకున్నారు. మరుసటి రోజు ఆలూరు సత్రంలో తమ్ముడు దొరికాడు. మునసబు సంతకం దొంగదని కూడా తేలింది.

జిల్లా ఆఫీసు సంజాయిషీ అడిగింది. రిజిస్టరులో నా సంతకమున్న పేజీ చించేస్తానని నేను ఏడ్చాను. "సింపొద్దు. ఆడే ఉండనీ" అన్నారు ఆవిడ. కలం తీసుకొని, కొత్త ఉద్యోగినిని ఒంటరిగా వదిలి వెళ్లడం తన పొరపాటని తనే రాశారు. వద్దమ్మా, తప్పు నాది కదా అంటే, "నాదని పైకి రాస్తాండా. నీదని నీకు తెలిస్తే సాలు" అన్నారు. ఆవిడను మందలిస్తూ ఉత్తరం వచ్చింది. దాన్ని చదివి, "ఇంత మంచి ఇంగ్లీషు నాకెవురూ రాయలేదు సూడు" అని నవ్వేసి పెట్టెలో పెట్టుకున్నారు. ఆ ఏడాదే దూరానికి బదిలీ అయ్యారు. ఆవిడ కుర్చీలో నేను కూర్చున్నాను.

రెండేళ్ల తర్వాత, ఎమ్మిగనూరులో మా అమ్మ దగ్గరుండి మగ్గం పని నేర్చుకోవడానికి నాగమ్మను, తమ్ముణ్ణి పంపాలనుకున్నాను. దాన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాను. నాగమ్మ నవ్వింది. "ఇంట్లో మనమే ఉండాము గదక్కా, తలుపెందుకు?"

"ఉండనీలే. నీకు పోవడం ఇష్టమేనా, చెప్పు."

"ఇష్టమేనక్కా." తలుపు గడియ మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగింది. "ఆపొద్దు గూడా ఇట్లే అడిగింటే సెప్పుండేదాన్ని."

దాని గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్న మాట అంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. తండ్రి వచ్చినా, మొగుడు వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా, పిల్లను లోపలికి తీసుకుపోయి తలుపు వేసిన తర్వాతే అడిగేదాన్ని. గడియ పెట్టిన ప్రతిసారీ నాగమ్మ మాట వినిపించేది. ఇప్పటికీ వినిపిస్తుంది.