తిల్దా నుంచి రాయపూర్‌కి, గట్టి అట్టలేసిన థీసిస్‌తో

రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ థీసిస్ సమర్పించడానికి నాకు మిగిలింది ఆ ఒక్క శుక్రవారమే. సాయంత్రం ఐదు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ల పని మళ్లీ మొదటికి. కోర్సు పరీక్ష, రెండు ప్రచురిత వ్యాసాలు, ముందస్తు సెమినార్, కాపీ కొట్టలేదన్న నివేదిక, గైడ్ సంతకం, అన్నీ చేతిలో ఉన్నాయి. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, వడ్ల పొట్టు బూడిదతో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతి మీద పనిచేశాను. పొట్టుకేం తక్కువ, మా తిల్దాలో ప్రతి రైస్ మిల్లు వెనకా గుట్టలే.

ఉదయం తొమ్మిదింటి లోకల్ ఎక్కితే గంటలో రాయపూర్. టికెట్ ఇరవై రూపాయల లోపే. స్టేషన్ నుంచి యూనివర్సిటీకి ఆటో నూట యాభై. డ్రైవర్ నా సంచి ఎత్తి, "ఇటుకలా మేడమ్?" అన్నాడు. "థీసిస్, నాలుగు కాపీలు" అన్నాను గొప్పగా. మెరూన్ రంగు గట్టి అట్టలు, బంగారు అక్షరాలు. మా ఊళ్లో పెళ్లి పత్రికలు వేసే ఆయన దగ్గర ముచ్చటపడి చేయించాను.

ఆఫీసులో వరసలో నిలబడి నా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. గుమాస్తా గారు కాపీ తెరవకుండానే పక్కన పెట్టేశారు. "ఇప్పుడు మెత్తటి అట్టే వేయాలి. గట్టిది వైవా అయ్యాక. పరీక్షకులు తప్పులు చూపిస్తే పేజీలు ఎలా మారుస్తారు?" అని హిందీలో అడిగారు. నాలుగు కాపీలూ మళ్లీ సంచిలో సర్దుకున్నాను.

శంకర్ నగర్‌లో ఒక బైండింగ్ కొట్టు ఉందని ఆయనే చెప్పారు. అక్కడికెళ్లి మా ఆయనకు ఫోన్‌ చేసి ఏడుస్తుంటే, నా తెలుగు విని కొట్టాయన తలెత్తారు. వాళ్లదీ మాలాగే రైల్వే ఉద్యోగం కోసం ఇటు వచ్చిన కుటుంబమే, శ్రీకాకుళం నుంచి.

"ఏడవకమ్మా, కాగితాలకేటీ కాలేదు. అట్ట కోసేసి కొత్తది వేసేత్తాను. మూడింటికి పక్కా అయిపోద్ది, బైఠో" అంటూ స్టూలు జరిపారు. ఆయన కత్తి పుస్తకం వెన్ను మీద నా పేరును చీలుస్తుంటే కళ్లు మూసుకున్నాను.

నాలుగుంపావుకు గుమాస్తా గారు ముద్ర కొట్టి రసీదు చేతిలో పెట్టారు.

తిరుగు రైల్లో ఆలోచిస్తే సిగ్గేసింది. ఇక ఎవరూ ముట్టుకోనక్కర్లేదని నాకు నేనే తీర్మానించుకుని అట్ట బిగించేశాను. ఈ డిగ్రీకి అసలు కావలసింది, ముక్కూమొహం తెలియని ఇద్దరు నా లెక్కల్లో తప్పులు వెతుకుతామంటే నేను ఒప్పుకోవడం. భయంగానే ఉంది. కానీ చెప్పలేనంత సంతోషంగానూ ఉంది. మీరూ థీసిస్ ఇవ్వడానికి వెళ్తుంటే బైండింగ్‌కు ముందే ఆఫీసుకు ఫోన్ చేసి ఏ అట్టో అడగండి, పొద్దున బండికే బయల్దేరండి. తప్పు దిద్దుకోవడానికి ఒక మధ్యాహ్నమైనా మిగలాలి.