రాకెట్ గదికి అడ్డంగా జంపఖానా

మా పెద్దనాయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన పోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఇప్పుడైనా నేను మెత్తగా మాట్లాడాలని మా వాళ్ల కోరిక. మాట్లాడను. మనిషి పోయినంత మాత్రాన కుందేలుకు నాలుగో కాలు మొలవదు కదా.

ఆబిడ్స్‌లో మాకు పటాలకు అద్దం బిగించి ఫ్రేములు కట్టే దుకాణం ఉండేది. వెనక సందులోనే ఇల్లు. దుకాణం పెద్దనాయనదీ మా నాయనదీ కలిపే, కానీ మాట మాత్రం పెద్దనాయన ఒక్కడిదే. మా నాయన తన అన్న మాట జవదాటేవాడు కాదు. మా అమ్మ నాయన మాట దాటేది కాదు. ఇక నా మాట ఎవరిక్కావాలి?

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాక ఊళ్లో అందరికీ ఆ బొమ్మ పిచ్చి పట్టింది. పత్రికల్లోంచి కత్తిరించి తెచ్చి ఫ్రేము కట్టమనేవాళ్లు. మా దుకాణం గోడ మీద లక్ష్మీదేవికీ వెంకటేశ్వరస్వామికీ నడుమ ఆ తెల్ల సూటు మనిషి రెండేళ్ల పాటు నిలబడే ఉన్నాడు. కొనడానికి వచ్చిన ప్రతివాడికీ పెద్దనాయన, "మనిషి తలుచుకుంటే కానిదేముంది సాబ్" అని చెప్పేవాడు. ఇంట్లో ఆడపిల్ల కాంపోజిట్ లెక్కలు తీసుకుంటానంటే మాత్రం ఆ మాట ఎక్కడికో పోయేది.

అప్పట్లో తొమ్మిదో తరగతికి రాగానే జనరల్ లెక్కలా, కాంపోజిట్ లెక్కలా అని బడిలో ఒక కాయితం ఇచ్చేవాళ్లు. జనరల్ అంటే సులువువి. కాంపోజిట్ తీసుకోకపోతే పై చదువుల్లో లెక్కల వైపు, సైన్సు వైపు తలుపు మూసుకుపోయినట్టే. కాయితం కింద ఇంటి పెద్ద సంతకం ఉండాలి. బుధవారం పొద్దున ఇచ్చేయాలి. నాకు పదమూడేళ్లు, ఆ సంతకం తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

"పాల లెక్క, సామాన్ల లెక్క రాసుకునేటందుకు జనరల్ చాలదా?" అన్నాడు పెద్దనాయన.

"పిల్లకు లెక్కలొస్తయిరా. చదువుకోనియ్యి" అంది మా మేనత్త.

మేనత్త ఆయనకు అక్క. భర్త చిన్న వయసులోనే పోతే పుట్టింటికి వచ్చేసింది. నిజాం రోజుల్లో ఉర్దూ బడిలో ఏడో తరగతి వరకు చదివింది. ఆ తర్వాత చదువు మాన్పించి పెళ్లి చేశారు. మా ఇంట్లో ఆవిడ చేతి వంట అందరూ తినేవాళ్లు, ఆవిడ మాట ఎవరూ వినేవాళ్లు కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాంపల్లి స్టేషన్‌కు ఇవతల ఒక పాత హాల్లో ఆకాశయానాల ప్రదర్శన పెట్టారు. మొదటి రాకెట్ల నుంచి చంద్రుడి దాకా మొత్తం చరిత్రంతా ఉందన్నారు. ఆదివారం పెద్దనాయన తన కొడుకులిద్దరినీ తీసుకుని వెళ్లొచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఒకటే గొణుగుడు.

"మూడు ముక్కల రాకెట్టట. పైకి పోతా ఉంటే ఒక్కో ముక్క ఊడి పడిపోతదట. గంత పైస పోసి చేసి సగం తొవ్వల పారేసుడేంది? వాళ్లు చెప్పిన్రు గానీ నాకైతే సమజ్ కాలె."

అన్నయ్యలిద్దరినీ అడిగాడు. ఇద్దరూ కాంపోజిట్ చదివినవాళ్లే. ఒకడు గోడ చూశాడు, ఒకడు అన్నం కంచం చూశాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. పెద్దనాయన చూశాడు.

"నవ్వుతున్నవ్? సరే. మంగళవారం పోయి చూసి రా. గా ముక్కలెందుకు పారేస్తున్నరో నాకు సమజయ్యేటట్టు చెప్పు. చెప్తివా, సంతకం పెడత. లేకుంటే నోర్మూసుకొని జనరల్ తీస్కో."

మంగళవారం ఎందుకంటే, అది ఆడవాళ్ల రోజు. మా ఊళ్లో అదొక ఆనవాయితీ. ఇట్లాంటివి ఏం పెట్టినా వారంలో ఒక రోజు ఆడవాళ్లకే వదిలేసేవాళ్లు. ఆ రోజు మగపురుగు లోపల అడుగు పెట్టకూడదు. మా ఇంటి ఆడవాళ్లం ఆ ఒక్క రోజు తప్ప అట్లాంటి చోట్లకు పోయేవాళ్లం కాము.

మంగళవారం మధ్యాహ్నం మేనత్త, అమ్మ, నేను నడుచుకుంటూ బయలుదేరాం. ఎక్కడికి వెళ్లినా అమ్మ చేతిలో టిఫిన్ క్యారియర్, చంకలో చుట్టిన జంపఖానా ఉండాల్సిందే. ప్రదర్శన అంటే ఎక్కడో ఒకచోట కూర్చుని తినాలి కదా మరి. పూరీలు, ఆలుగడ్డ కూర, మామిడికాయ తొక్కు.

ముందు గదిలో ఫొటోలు, పైనుంచి వేలాడేసిన వెండి రంగు ఉపగ్రహం బొమ్మ ఉన్నాయి. ఆకాశంలోకి పంపిన కుక్క ఫొటో ముందు ఆడవాళ్లు గుంపుగా నిలబడ్డారు. "మళ్ల తిరిగొచ్చిందా?" అని అమ్మ అడిగింది. రాలేదని రాసి ఉందని చెప్పాను. "పంపినోళ్లే పోకపోయిన్రా" అంది అమ్మ.

రాకెట్ ఉన్నది లోపలి గదిలో. ఆ గదికి తాళం. తలుపు ముందు ఒక బల్ల వేసి, దాని మీద ఆకాశంలోకి వెళ్లేవాళ్లు తినే తిండి అని పొడుల పొట్లాలు పెట్టారు. వంటంటే ఆడవాళ్లకు ఇష్టమని కాబోలు. నా ఒళ్లు మండిపోయింది. వంట చూడ్డానికి నాంపల్లి దాకా ఎందుకు, మా ఇంట్లో పొద్దస్తమానం అదేగా.

బయట వరండాలో తాళాల గుత్తి పట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. మేనత్త ఆయనను అడిగింది.

"ఈరోజు బంద్ అమ్మా" అన్నాడాయన. "రాకెట్ సంగతి చెప్పే మాస్టర్ మగమనిషి. మగమనిషి లోపలికి పోవద్దు. చెప్పేటోడు లేకుంటే గది తెరవద్దు. రూల్ అది, నేనేం చెయ్య?"

"ముందుగాల చెప్పాలె గద" అంది మేనత్త.

"అడిగినోళ్లకు చెప్పినం. ఆదివారం ఒక సేటు వచ్చిండు, నల్ల టోపీ, ఇద్దరు కొడుకులు. పోయేటప్పుడు మరీ అడిగి పోయిండు, ఆడవాళ్ల రోజున ఈ గది బంద్ ఉంటదా అని. ఉంటది అన్న. నవ్వుకుంటా పోయిండు."

మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెద్దనాయన పెట్టుకునేలాంటి నల్ల టోపీలు ఊళ్లో వెయ్యి ఉంటాయి. అట్లా అడిగి పోయేవాడు ఒక్కడే ఉంటాడు. నాకు ఏడుపొచ్చింది. ఓడిపోయినందుకు కాదు, పందెంలో దిగకముందే నన్ను ఓడించి ఇంటికి వచ్చి, అన్నం తింటూ పందెం కాసినందుకు. ఇప్పటికీ ఆ ఒక్కటి నేను క్షమించలేదు.

మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ నోట్లో నాలుక లేని మనిషి పొడుల బల్లను పక్కకు జరిపి, చంకలోని జంపఖానా తీసి, తాళం వేసిన గది గడపకు అడ్డంగా పరిచి కూర్చుంది. క్యారియర్ విప్పింది.

"కూసో వదినా. తెరిచేదాంక తిందాం" అంది మేనత్తతో.

ముసలాయన వరండాలోంచే లబలబలాడాడు. లోపలికి రావడానికి లేదు, రూలు ఆయనకూ రూలే. చూస్తుండగానే ఇంకో నలుగురైదుగురు మా పక్కన చతికిలబడ్డారు. అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చిన ఒక బుర్ఖా ఆవిడ తన మూటలోని ఖాజాలు మా మధ్యలో పెట్టింది. సంగతి తెలుసుకుని ఆవిడే అంది, "మా చిన్నప్పుడు ఉస్తాద్ పర్దా అవతల కూర్చుని మాకు చదువు చెప్పేవాడు. ఈ మాస్టర్‌కు నోరు లేదా? బయట నిలబడి చెప్పమనండి."

గది వెనక వైపు వరండాలోకి ఒక కిటికీ ఉంది, దానికి చిక్, అంటే వెదురు పుల్లల తెర, వేలాడుతోంది. మేనత్త ముసలాయనతో ఉర్దూలో పావుగంట వాదించింది. మాస్టర్ చిక్ అవతల ఉంటాడు, లోపలికి రాడు, మీ రూలు ఎక్కడ చెడింది అని. చివరికి ఆయన తాళంచెవి మేనత్త చేతిలో పెట్టి, మాస్టర్‌ను కిటికీ దగ్గరికి పిలుచుకొచ్చాడు.

మిగతా రోజుల్లో ఆ రాకెట్‌ను చూసేవాళ్లు ముట్టుకోకూడదు. దాన్ని ఎగరేసే పిడులు లాగేది మాస్టరే. ఆ రోజు మాస్టర్ బయట ఉన్నాడు, పిడులు లోపల ఉన్నాయి. ఎవరో ఒకరు లాగాలి. మేనత్త నన్ను ముందుకు తోసింది.

గోడకు నిలువుగా ఒక ఇనప పట్టీ, దాని మీద నా అంత ఎత్తు రాకెట్, కింద మూడు పిడులు. "మొదటిది లాగండి" అని చిక్ అవతలి నుంచి గొంతు వినిపించింది. లాగాను. కొంత పైకి పోయింది. "రెండోది." కింది ముక్క ఠంగుమని పడింది, మిగిలింది సర్రున ఎగిరింది. ఆడవాళ్లంతా చేతులు నోటికి పెట్టుకున్నారు. మూడోది లాగితే ఇంకో ముక్క పడింది, చిన్న ముక్క పోయి పైన చంద్రుడికి తగిలింది.

ముక్కలన్నీ మళ్లీ కిందికి తెచ్చి బిగించి ఇంకోసారి ఆడించాం. ఈసారి నేను మొదటి పిడి లాగి ఊరుకున్నాను.

"పైకి పోయిందా అమ్మా?" అన్నాడు మాస్టర్.

"లేదు. సగంలో ఆగింది. నేను రెండోది లాగలేదు."

"ఎందుకు?"

"పారేయకపోతే ఏమైతదో చూద్దామని."

"ఇన్ని రోజుల నుంచి ఒక్కరూ అది చూడాలనుకోలేదు" అని, మాస్టర్ నిదానంగా మొదటి నుంచి చెప్పాడు. మండిపోయిన ఇంధనం పోతుంది, డబ్బా మిగులుతుంది. ఖాళీ డబ్బాను మోసే బరువుకు మళ్లీ ఇంధనం కావాలి. ఆ ఇంధనానికి మళ్లీ బరువు. నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన చెబుతూనే ఉన్నాడు, వెనక అమ్మ కూడా వింటూనే ఉంది.

సాయంత్రం దుకాణం మూసి పెద్దనాయన ఇంటికి వచ్చి చాయ్ అందుకోగానే ఎదురుగా నిలబడ్డాను.

"పెద్దనాయనా, మూడో అంతస్తుల ఎవరికో అద్దాలు పంపినమనుకో. పెట్టెల పెట్టి మోస్తరు. మొదటి అంతస్తుల సగం అద్దాలు దించిన్రు, ఒక పెట్టె ఖాళీ అయింది. ఖాళీ పెట్టెను మూడో అంతస్తుదాంక మోస్తరా?"

"ఎందుకు మోస్తరు? ఆడ్నే పెట్టి పోతరు."

"రాకెట్టు గూడ గంతే. మోసుకుంట పోతే పైకి పోనే పోదు. నేను చూసిన, సగంలనే ఆగింది."

ఆయన చేతిలో చాయ్ కప్పు అట్లాగే ఉండిపోయింది. "ఔ... సమజైంది" అన్నాడు. దుకాణదారు కదా, మోత సంగతి తెలుసు. నిజంగా అర్థమైన మొహం. మొహం చూసి నేను లోపలికి పరుగెత్తి కాయితం, పెన్ను తెచ్చాను.

ఆయన పెన్ను తీసుకోలేదు.

"సమజైంది గానీ, సంతకం పెట్ట" అన్నాడు. "నాంపల్లి నుంచి వచ్చినోడు దుకాణంల చెప్పిండు. మన ఇంటి ఆడోళ్లు తలుపుకాడ అడ్డంగ కూసొని పూరీలు తిన్నరంట. ఇజ్జత్ తీసిన్రు. గిట్లనే ఉంటది ఆడిపిల్లకు చదువెక్కువైతే."

"తలుపు బంద్ ఉంటదని నీకు ఎరికేనా?" అని మేనత్త అడిగింది.

"ఎరికే. అయితేంది?"

మేనత్త నా చేతిలో పెన్ను తీసుకుంది. గోడకు కాయితం ఆనించి, ఇంటి పెద్ద అని ఉన్నచోట కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో, పేరు మొత్తం రాసింది. ముప్ఫై ఏళ్లుగా రాయని చేయి, మెల్లగా రాసింది.

"నీ సంతకం ఎట్ల చెల్తది అక్కా? ఇంటి పెద్దను నేను."

"నీకన్న నాలుగేండ్లు ముందు పుట్టిన. చెల్తదో లేదో బడోళ్లు చెప్తరు."

"నా ఇంట్ల ఉండుకుంట నాకే ఎదురా?"

"పొమ్మంటవా? పొమ్మంటే ఇప్పుడే చెప్పు తమ్ముడా. గీడ వండుతున్న, ఇంకో తాన వండుకొని బతుకుత. గానీ పొద్దుగాల పిల్ల బడికి పోతది. గీ కాయితం పోతది."

మా నాయన తల దించుకుని ఉన్నాడు. అన్నయ్యలు లేచి బయటికి పోయారు. పెద్దనాయన కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో పెళ్లిళ్లకు కలిసినప్పుడు అందరూ దీన్ని నవ్వుతూ చెప్పుకుంటారు. తమ్ముడు అక్కను ఎట్లా పంపిస్తాడు, ఆ సంగతి తెలిసే ఆవిడ అంత ధైర్యం చేసింది అంటారు. తమ్ముడు పంపించడని ఆవిడకేమీ తెలియదు. అన్నాలకు ముందే ఆవిడ తన గదిలోకి పోయి రెండు చీరలు, ఒక రగ్గు, మొగుడి ఫొటో ట్రంకు పెట్టెలో పెట్టి మూత వేసి దగ్గరికి జరుపుకుంది. నేను గడపలో నిలబడి చూశాను. నన్ను చూసి, "పోయి ఆ కాయితం పుస్తకంల పెట్టుకో, నలగనియ్యకు" అంది.